ముందు అరుపు, తరవాత వెలుగు

ఇలా మంచం దగ్గరికి జరగండర్రా. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీ దాకా రాదు. వెనక ఉన్నవాళ్ళు ముందుకి రండి, ముందున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోండి. ఒక జత లైట్లకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన కథ చెబుతాను. ఉద్యోగం రావడంలో వింత లేదు, ఎవరెవరికో వస్తూనే ఉంటుంది. అది ఎలా ఊడిందన్నదే కథ.

గోదావరి పాయల మధ్య తూములంక అని ఒక ఊరుండేది. ఊరంతా పూలతోటలే. చామంతి, బంతి, లిల్లీ, కనకాంబరం, వాటి మధ్య చోటు మిగిలితే మనుషులు. అక్కడ నూకరత్నం, గోవిందు అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. తోటలో పూలు కోసి మోటారు సైకిలుకి రెండు పక్కలా గంపలు కట్టి, తెల్లవారకముందే కొత్తరేవు మార్కెట్‌లో దింపడం గోవిందు పని. పూలకి ఒక జబ్బుంది మరి. సూర్యుణ్ణి చూశాయంటే వాటి ధర వాడిపోతుంది. అందులోనూ ధనుర్మాసం వచ్చిందంటే గుళ్ళన్నీ కోడి కూయకముందే లేస్తాయి, దేవుళ్ళందరికీ చీకటితోనే పూలు కావాలి. మంచు కూడా సరిగ్గా ఆ నెలనే చూసుకుని దిగుతుంది.

ఆ మంచు ఎలాంటిదనుకున్నారు? చాపిన చెయ్యి తనదేనా అని తడిమి చూసుకోవాలి. ఎదురుగా వచ్చేది గేదో లారీయో వాసనని బట్టి తేల్చుకోవాలి. దారేమో కాలువ గట్టు. కుడి పక్క పంటకాలువ, ఎడమ పక్క మురుగుకాలువ, మధ్యలో ఉన్నదాన్ని కాగితాల మీద రోడ్డు అంటారు. మార్గశిరం చివర్లో ఒకనాడు గోవిందు ఆ మంచులో బండితో సహా పంటకాలువలోకి దిగిపోయాడు. కాలు విరిగింది. చామంతులన్నీ కాలువ మీద బారులు తీరి తేలుకుంటూ పోతుంటే, దిగువ ఊళ్ళో వాళ్ళు ఎక్కడో ఏదో నిమజ్జనం జరిగిందనుకుని ఒడ్డున నిలబడి దణ్ణాలు పెట్టుకున్నారట.

కాలికి సిమెంటు కట్టు వేసి గోవిందుని మంచమెక్కించారు. తోటలో పూలు మాత్రం పూయడం మానలేదు. అప్పుడు నూకరత్నం కొంగు బొడ్లో దోపి బండెక్కింది. నడపడం ఆవిడకి పెళ్ళికి ముందే వచ్చు, పెళ్ళయ్యాక మొగుడికి ఇష్టం లేక మానేసింది, ఇప్పుడు అదే మొగుడికి గంజి కోసం మళ్ళీ మొదలుపెట్టింది. అయితే ఒక్క భయం ఆవిణ్ణి పట్టుకుంది. తను కూడా కాలువలో పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే చెయ్యి ఉండదు. వెళ్ళకపోతే పొయ్యి మీదకి ఎక్కేది ఉండదు. అంచేత బండికి మంచు లైట్లు ఉండి తీరాలని తీర్మానించుకుంది.

పట్నంలో మెకానిక్కుని అడిగితే బండి వదిలి వెళ్ళమన్నాడు. పూలు ఆగుతాయా? సరే, లైట్లు నేనే బిగించుకుంటానని, పసుపురంగు వెలుగిచ్చేవి ఒక జత కొనుక్కొచ్చింది. తోటలో మోటారు స్టార్టరు పాడైనప్పుడల్లా ఆవిడే విప్పి బాగుచేసేది, కరెంటు నడక కొంచెం ఎరుకే. బ్యాటరీ నుంచి ఎర్ర తీగ లాగి మధ్యలో ఫ్యూజు పెట్టింది. నల్ల తీగ బండి ఇనుముకి బిగించింది. లెగ్ గార్డుకి అటొకటి ఇటొకటి లైట్లు తగిలించి, హ్యాండిల్ దగ్గర స్విచ్చి కట్టింది. పనిలో పనిగా సెల్లు చార్జింగు పెట్టుకునే పిన్ను కూడా. గోవిందు మంచం మీద నుంచి అది కాదు ఇది, ఇది కాదు అది అని సలహాలు విసురుతూనే ఉన్నాడు. ఆవిడ ఒకటీ పట్టించుకోలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే కొంప ముంచింది. స్విచ్చికి తీగ దూరమవుతోందంటే, పక్కనే హారన్ తీగ ఉంది కదా, దాంట్లోంచి లాగెయ్యమన్నాడు. లాగేసింది.

స్విచ్చి వేస్తే ముందు హారన్ కెవ్వుమని, ఆ తరవాత లైట్లు భగ్గుమన్నాయి. తీగలు ఎన్నిసార్లు మార్చినా అదే వరస. ఆఖరికి గోవిందు మంచం మీద వెల్లకిలా పడి నవ్వాడు.

"అచ్చం నీలాగే ఉందే రత్నం. ముందు అరుపు, తరవాత వెలుగు."

మంచులో అరుపూ మంచిదే, వెలుగూ మంచిదేనని ఆవిడ అలాగే వదిలేసింది. మర్నాటి నుంచి గట్టు మీద బండి వెళ్తుంటే పసుపు నీళ్ళు చల్లినట్టు దారి తేటపడేది. కాలువ కాలువలా కనపడేది, గేదె గేదెలా కనపడేది. మార్కెట్‌కి అందరికన్నా ముందు తూములంక చామంతులే చేరేవి.

ఇక్కడ కొంచెం పక్కకి జరిగి ఇంకో ముక్క చెప్పాలి. ఆ ఏడే కొత్తరేవు రవాణా ఆఫీసుకి తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ మంచిదే. కానీ ఇంట్లో ఎన్నాళ్ళనుంచో ఉన్న మనిషిని కొత్తగా ప్రేమించాలంటే ముందు ఒకసారి పలకరించాలి కదా. వీళ్ళు పలకరించకుండానే శుభలేఖలు అచ్చు వేయించారు. బండి సామాన్లన్నిటికీ తెలుగు పేర్లు పెట్టి పైనుంచి ఒక జాబితా పంపించారు. అందులో హారన్‌కి కొమ్ము అని పేరు. క్లచ్చికి పట్టు. అదనంగా తగిలించుకునే లైటుకేమో 'సహాయక దీపము'. అటువంటి దీపాలకి అనుమతి తీసుకోవాలని కూడా అందులోనే ఒక కొత్త నిబంధన.

ఆ నిబంధన అమలు చేయడానికి దివాకరం గారని ఒక తనిఖీ అధికారి, చెవుల మీదుగా మఫ్లరు కట్టుకుని, తెల్లవారుజామునే కాలువ వంతెన దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. నూకరత్నం బండి కెవ్వుమంటూ వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టారు.

"వాహన చోదకురాలా, ఆగుము. ఈ వాహనమునకు కొమ్ము కలదా?"

"కొమ్ములు మా గేదెకుంటాయండి. ఇది పెట్రోలు తాగుద్ది, ఆయ్."

ఆయన నవ్వలేదు. వంగి లైట్లని చూశారు. ఇవేమిటని అడిగారు. మంచు లైట్లండి అంది. ఆ మాట జాబితాలో లేదని, ఇవి సహాయక దీపములని, అనుమతి లేకుండా సహాయకులను పెట్టుకొనుట నిబంధనలకు విరుద్ధమని సెలవిచ్చి, ఆఫీసులో అర్జీ పెట్టుకోమన్నారు. వాటిని అప్పటికప్పుడు పీకించకుండా వదిలినందుకు ఆవిడ చామంతి మూర ఒకటి ఇవ్వబోయింది. లంచము స్వీకరించనన్నారు ఆయన. లంచం కాదండి, ధనుర్మాసం కదా, ఇంట్లో దేవుడికి అంది. దేవుడి వాటా మాత్రం తీసుకున్నారు.

ఆఫీసులో అర్జీలు పంచిపెట్టే గుమస్తా కాగితం మీద మొదటి మాట తప్ప చదివేవాడు కాదు. చదివితే సాయంకాలానికి పని తెమలదని అతని బాధ. సహాయక గుమస్తా, సహాయక ఇంజనీరు, సహాయక తోటమాలి, ఇలా 'సహాయక' అని మొదలయ్యే ప్రతి కాగితమూ సిబ్బంది విభాగానికి పోవాలి. సహాయక దీపం కూడా అక్కడికే పోయింది.

ఆ విభాగానికి పర్యవేక్షకులు సీతాపతిరావు గారు. నియమం తప్పని మనిషి. తన బల్ల మీదకి వచ్చిన కాగితం తనది కాదని ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అనలేదు. తప్పు దస్త్రమంటూ ఉండదనీ, ఉంటే గింటే తప్పు అర్జీదారు ఉంటారనీ ఆయన నమ్మకం. కళ్ళజోడు సర్దుకుని అర్జీ రెండుసార్లు చదివి, "ఇద్దరు సహాయకులు. అయితే కవలలా?" అన్నారు.

ఒక పెట్టెలోంచే వచ్చాయని నూకరత్నం చెప్పింది. కవలలని రాసుకున్నారు. తండ్రి పేరు అడిగారు. ఆవిడ ఆలోచించి, వాటికి తిండి పెట్టేది బ్యాటరీ కదాని, బ్యాటరీ అంది. అదీ రాసుకున్నారు. పుట్టుమచ్చలు అడిగితే ఎడమదాని అద్దం మీద సన్నని గీత ఉందని చూపించింది. సెల్లు చార్జింగు పిన్ను ఏ పద్దు కింద చేర్చాలో తేలక కాసేపు తలపట్టుకుని, ఒకరి ఆకలి తీర్చేది కాబట్టి దాన్ని ఉపాహారశాల కింద చేర్చారు.

ఇవన్నీ ఎందుకండీ, లైట్లకి పర్మిషన్ ఇత్తే పోతాను కదండీ అంది నూకరత్నం. సీతాపతిరావు గారు జాలిగా చూశారు. సహాయక హోదా అంటే సామాన్యమైనది కాదని, దాని కోసం బి.ఏ.లు, ఎం.ఏ.లు ఎదురుచూస్తున్నారని, ఆవిడ దీపాలు ఏ పరీక్షా రాయకుండా వచ్చాయని, ఉన్న దారిని అభ్యంతరాలతో పాడు చేసుకోవద్దని హితవు చెప్పారు.

తరవాత వైద్య పరీక్ష. ఉద్యోగంలో చేరేవాళ్ళకి కంటి చూపు చూడాలి కదా. పెద్దాసుపత్రి కంటి డాక్టరు గారు చాలా పని ఒత్తిడిలో ఉన్నారు. బండి లోపలికి తోయించి, గోడ మీద అక్షరాల పలక ముందు నిలబెట్టించి, కుడిది మూసి ఎడమది, ఎడమది మూసి కుడిది చూసి, 'స్వయముగా చూపు లేదు, ఇతరులకు చూపించగలదు, ఉద్యోగమునకు అర్హత కలదు' అని సంతకం పెట్టేశారు. ఆ మాటకొస్తే అలాంటి సర్టిఫికెట్‌తో ఆ జిల్లాలో చాలామంది పనిచేస్తున్నారని అక్కడి నర్సమ్మ గొణిగింది.

నడవడిక విచారించడానికి కానిస్టేబులు ఊళ్ళోకి వచ్చాడు. చుట్టుపక్కల వాళ్ళని అడిగితే, చీకటితోనే ఇంట్లోంచి పోతాయి, పోయేటప్పుడు అరుస్తాయి, అంతకుమించి ఎవరి జోలికీ రావని చెప్పారు. మంచి నడవడికే అని తేలింది.

ఉత్తర్వు వచ్చిన రోజు నూకరత్నం ఇంట్లో పాయసం వండింది. గోవిందు మంచం మీద లేచి కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సహాయక దీపములుగా నియమించడమైనది అన్న చోట ఇద్దరూ పొంగిపోయారు. ఆ కింది వాక్యాన్ని అతను రెండుసార్లు చదివాడు.

"పని వేళలు, ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు గంటల వరకూనట రత్నం."

"ఆ టయానికి మంచేటి ఉంటది?"

"మంచు సంగతి ఇందులో లేదు. ఆదివారం సెలవని మాత్రం ఉంది."

మర్నాడు వంతెన దగ్గర దివాకరం గారు నిలబడే ఉన్నారు. లైట్లు వెలిగితే పని వేళలు దాటినట్టు, పొద్దున పదిన్నరకి వెలగకపోతే గైరుహాజరు. ఆవిడ తెల్లవారుజామున లైట్లు ఆర్పుకుని, బండిని కాళ్ళతో తోసుకుంటూ గట్టు దాటేది. మార్కెట్‌కి చేరేసరికి పూల వేలంపాట అయిపోయేది. తిరిగి ఇంటికొచ్చి, బండి వాకిట్లో నిలబెట్టి, పదిన్నర కాగానే మిట్ట ఎండలో లైట్లు వేసేది. వాటి ముందు కోళ్ళు ఎండకి ఎండ కాచుకుంటున్నట్టు రెక్కలు చాపుకుని పడుకునేవి. దారిన పోయేవాళ్ళు ఆగి ఇదేం మొక్కమ్మా, ఏ దేవుడికి అని అడిగేవారు. రవాణా శాఖకండి అని చెప్పేది. ఒక ముసలమ్మ ఆ మాట నమ్మి కొబ్బరికాయ కూడా కొట్టింది.

పగలంతా వెలిగితే బ్యాటరీ ఊరుకుంటుందా? చీకటితో బండి స్టార్టు కాదు. నూకరత్నం రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో నాడు బ్యాటరీకి చార్జింగు పెట్టించుకుని, ఏదైతే అదవుతుందని గట్టు మధ్యలో స్విచ్చి వేసేసింది. వెయ్యకపోతే ఎదురుగా వస్తున్న గడ్డి ట్రాక్టరు కింద ఉండేది. ట్రాక్టరు తప్పింది, దివాకరం గారు తప్పలేదు.

అభియోగాలు రెండు. ఒకటి, ఉత్తర్వులు లేకుండా పని వేళలు దాటి పనిచేయుట. ఇన్నేళ్ళ ఆఫీసు చరిత్రలో ఆ నేరం ఎవరూ చేయలేదట, దాన్ని ఏ సెక్షను కింద పెట్టాలో వెతకడానికే ఒక పూట పట్టింది. రెండోది ఇంకా పెద్దది. బండికి ముందుండే పెద్ద లైటు ప్రధాన దీపం. అంటే పై అధికారి. ఈ సహాయకులు పై అధికారిని మించి ప్రకాశించారు. సీతాపతిరావు గారు ఆ వాక్యం తన చేత్తో రాస్తూ చలించిపోయారట. తాను ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పై వాళ్ళ ముందు ఎంత మసకగా వెలిగారో ఆయనకే తెలుసు.

అంచేత విచారణ తేలేదాకా దీపాలని సస్పెండు చేశారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇవ్వాలన్నది నియమం. దీపానికి జీతమంటే వెలుగే కదా. దివాకరం గారు నల్ల కాగితం, గోందు పట్టుకొచ్చి ఒక్కో లైటుకి ఎడమ సగం మూసేసి, సగం మిగిల్చారు. కావాలంటే ఇప్పుడు తెల్లవారుజామున వేసుకోవచ్చన్నారు, సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకి పని వేళలు ఉండవు కాబట్టి.

ఆ మర్నాడు మంచు గోడ కట్టినట్టు ఉంది. కుడి పక్క పంటకాలువ, దాని గడ్డి, గడ్డి మీద కప్పతో సహా కనపడుతోంది. ఎడమ పక్క దేవుడే దిక్కు. కుడి పక్క కాలువని చూసి భయపడి, ఎడమకి జరుగుతూ జరుగుతూ ఉండగా, ముందు చక్రం కింద నేల లేదు. బండి అంచు మీద ఆగింది, నూకరత్నం తుమ్మచెట్టు మొదలు పట్టుకుని ఆగింది, గంపలు మాత్రం ఆగలేదు. చామంతులు ఈసారి మురుగుకాలువలో పోయాయి. ఆ పక్క దిగువ ఊళ్ళో వాళ్ళకి కూడా దణ్ణాల పుణ్యం దక్కింది.

బురదతో ఇంటికొచ్చిన పెళ్ళాన్ని చూసి గోవిందు కట్టు కాలుతోనే మంచం దిగబోయాడు. దిగలేక, అక్కణ్ణుంచే అన్నాడు.

"ఇంక వద్దులే. తోట కౌలుకిచ్చేద్దాం. పువ్వుల్లేకపోతే చత్తామా? నువ్వు లేకపోతే నేను చత్తాను."

ఆ మాట పైకి కోపంగానే అన్నాడు. నూకరత్నానికి మాత్రం కళ్ళు తడయ్యాయి. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు, అందుకోసం కాలు విరగవలసి వచ్చింది. రేపు విచారణ ఉంది, అదొక్కటీ చూసి వత్తాను, అప్పటికీ తేలకపోతే నీ ఇట్టం అంది.

విచారణకి దీపాలకి సంబంధించిన రుజువులన్నీ తెమ్మన్నారు. ఆవిడ దగ్గర ఏముంటాయి? బిల్లు కాలువలో పోయింది. లైట్లు వచ్చిన అట్టపెట్టె ఒకటుంది, అందులో పూలు గుచ్చే సూదులు, అరటినార పెట్టుకుంటోంది. అదే సంచిలో వేసుకుని వెళ్ళింది.

సీతాపతిరావు గారు దస్త్రం విప్పి మొదటి లోపం పట్టుకున్నారు. దీపములు సేవలో చేరిన తేదీ ఎక్కడా లేదు. ఆ తేదీ లేనిదే శిక్ష ఎలా వేస్తారు, ఇంక్రిమెంటు దేంట్లోంచి కోస్తారు? రుజువు చూపించమన్నారు. నూకరత్నం పెట్టెలోని సూదులు, నార ఆయన బల్ల మీద కుమ్మరించి, ఖాళీ పెట్టె చేతికిచ్చింది. ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక చోట ఆగిపోయారు. లైట్లు చేసే కంపెనీ వాళ్ళు గొప్ప కోసం పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో వేసుకున్న ముక్క అది.

'1962 నుంచి మీ సేవలో.'

ఆయన మొహంలో రంగులు మారాయి. దివాకరం గారిని కేకేసి పిలిచి, వేలుపెట్టి చూపించారు. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు గానీ నూకరత్నం చెవులు చామంతి మొగ్గ విచ్చుకునే చప్పుడు కూడా వినగలిగినవి. అరవై రెండులో సేవలో చేరితే ఎప్పుడో పదవీ విరమణ చేయాల్సింది. వయసు దాటిపోయిన సహాయకులని ఇన్నాళ్ళు ఎవరు కొనసాగించినట్టు? పైనుంచి తనిఖీ వస్తే సంతకాలు ఎవరివి ఉన్నాయి? ఇద్దరివే.

అది కంపెనీ పెట్టిన ఏడాది అండీ అని చెప్పడానికి నూకరత్నం నోరు తెరిచింది. తెరిచి, ఒక్క క్షణం ఆలోచించి, ఆ నోట్లోనే ఇంకో మాట పెట్టుకుని బయటికి తెచ్చింది.

"మరి దిగిపోయినోళ్ళు పొద్దున్న పదిన్నరకి రావాలాండి?"

"పదవీ విరమణ పొందినవారు స్వేచ్ఛాజీవులు. వారికి వేళలు వర్తించవు," అన్నారు సీతాపతిరావు గారు, చెమట తుడుచుకుంటూ.

"తెల్లారగట్ల లెగిసి తిరగొచ్చాండి?"

"సాధారణముగా వారు చేయు పని అదియే. వాహ్యాళి ఆరోగ్యమునకు మంచిది."

"గట్టు మీదైనా?"

"ఎచ్చటనైనను."

"పెద్ద లైటు కన్నా గట్టిగా వెలిగితే తప్పేటన్నా ఉందాండి?"

ఆయన కళ్ళజోడు తీశారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన గొంతులోంచి కాగితాల తెలుగు కాకుండా మామూలు తెలుగు వచ్చింది.

"దిగిపోయాక పై అధికారి ఎవరమ్మా? ఎంత కావాలంటే అంత వెలగొచ్చు. నేనూ ఆ రోజు కోసమే చూస్తున్నాను."

అయితే ఆ ముక్కలన్నీ కాగితం మీద రాసిమ్మంది నూకరత్నం. ఆ ఆఫీసులో అంత తొందరగా ఏ కాగితమూ తయారవలేదు. నల్ల కాగితాలు అప్పటికప్పుడు దివాకరం గారే గోళ్ళతో గీకి పీకేశారు. అభియోగాలు ఎత్తివేశారు. ఒక్క షరతు. ఇన్నేళ్ళు సేవ చేసినవాళ్ళని ఊరికే పంపితే అనుమానం వస్తుంది కాబట్టి, పద్ధతి ప్రకారం సన్మానం జరగాలి.

సన్మానానికి దండలు కావలసి వచ్చి నూకరత్నానికే పురమాయించారు. తన లైట్లకి తనే దండలు గుచ్చింది. ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, బండిని వేదిక మీదకి ఎక్కించి, రెండు లైట్లకీ రెండు శాలువాలు కప్పారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు గారు ఎవరికి సన్మానమో కనుక్కోలేదు, కనుక్కునే అలవాటు ఆయనకి లేదు. వీరు కొవ్వొత్తిలా కరిగి శాఖకి వెలుగునిచ్చారని, వీరి నిష్క్రమణతో శాఖ చీకటిలో మునిగిందని చెప్పారు. శాఖ గురించి ఆయన నోట వచ్చిన ఒకే ఒక్క నిజం అది. తరవాత కుర్చీలో కూర్చుంటూ, సన్మానగ్రహీతలు రెండు మాటలు మాట్లాడతారని ప్రకటించారు.

సీతాపతిరావు గారు దివాకరం గారి వైపు చూశారు. దివాకరం గారు నేల చూశారు. నూకరత్నం నెమ్మదిగా వేదిక ఎక్కి, శాలువాలు పక్కకి తప్పించి, స్విచ్చి వేసింది.

కెవ్వుమంది. భగ్గుమంది.

పెద్దాఫీసరు గారు కుర్చీలోంచి అడుగు ఎత్తున ఎగిరి, మళ్ళీ కూర్చుని, చప్పట్లు కొట్టారు. జనమంతా కొట్టారు. ఇంత క్లుప్తంగా, ఇంత సూటిగా మాట్లాడిన విశ్రాంత ఉద్యోగిని తన సర్వీసులో చూడలేదని ఆయన పక్కవారితో అన్నారు. ఆ మాట పేపర్లో కూడా పడింది.

మర్నాడు తెల్లవారుజామున గట్టు మీద మంచు కమ్ముకుని ఉంది. వంతెన దగ్గర దివాకరం గారు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టారు. నూకరత్నం కాగితం తీసి ఇచ్చింది. ఆ మంచులో అక్షరాలు కనపడక, ఆయన వంగి ఆ లైట్ల వెలుగులోనే చదువుకున్నారు. చదివి, కాగితం మడిచి ఇచ్చి, మఫ్లరు సర్దుకుని, లైట్లకి నమస్కారం పెట్టారు. విశ్రాంత ఉద్యోగులకి ఆయన ఎప్పుడూ అలాగే పెడతారు, రేపు తనకీ ఎవరైనా పెడతారని. ఆవిడ ఆయనకి ఒక చామంతి మూర ఇచ్చి, దేవుడికే అంది. పసుపు వెలుగులో కాలువ కాలువలాగే కనపడింది, ఆ వెలుగు వెంటే తూములంక చామంతులు పాట మొదలవకముందే మార్కెట్‌కి చేరాయి.

గోవిందు కాలు అతుక్కుంది. బండి మాత్రం మళ్ళీ అతని చేతికి రాలేదు. వెనక గంపల మధ్య కూర్చుని, కుడికి పోనీ, ఎడమకి పోనీ అని సలహాలు విసరడమే అతని పనయింది. తోట కౌలు మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఆఫీసుతో తెగిపోయిందనుకున్నారా? ఆఫీసుతో ఎవరికి తెగుతుంది? పదవీ విరమణ చేసినవాళ్ళు ఏటేటా వచ్చి బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఏడాది తిరిగేసరికి తాఖీదు వచ్చింది. నూకరత్నం బండి తోలుకుంటూ వెళ్ళి, సిబ్బంది విభాగం కిటికీ ఎదురుగా ఆపింది. లోపల సీతాపతిరావు గారు భోజనం చేసి కళ్ళు మూసుకుని ఉన్నారు. సహాయక దీపములు స్వయముగా హాజరైనవా అని కళ్ళు తెరవకుండానే అడిగారు. హాజరేనండి, ఆయ్ అని ఆవిడ స్విచ్చి వేసింది. ఆయన బల్ల మీది కాగితాలన్నీ నేల మీదకి, ఆయనేమో కుర్చీ వెనక్కి. కాసేపటికి ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తడుముకుంటూ ముద్ర వేశారు. 'జీవించియున్నారు' అని.

అయిందర్రా, ఇంక కాళ్ళు చాపుకోండి. కానీ ఇది ఇక్కడ వదిలేసి పోకండి, నాకు బెంగగా ఉంటుంది. రేపు ఎక్కడైనా ఏ కిటికీ దగ్గరో వరసలో నిలబడి విసుగొచ్చినప్పుడు, పక్కన నిలబడ్డవాళ్ళకి నూకరత్నం కథ చెప్పండి. ఊరి పేరు మరిచిపోయినా పరవాలేదు, నా పేరు అసలే అక్కర్లేదు. వరస మాత్రం తప్పకండేం. ముందు అరుపు, తరవాత వెలుగు.